సంపులో మోరీ వాసన, అంగన్‌వాడీ పిల్లలకు విరేచనాలు: ఆర్వో పెట్టాలా, బ్లీచింగ్ సాలుతదా?

గల్లీ_నంబర్_6:

అంబర్‌పేట వైపు, మూసీకి దగ్గర్లున్న బస్తీ గురించి అడుగుతున్న. 38 ఇండ్లకు, పక్కనున్న అంగన్‌వాడీకి తాగనీకి, వంటకు ఒక్కటే సంపు. లోపలి కొలత 8 అడుగుల పొడుగు, 6 అడుగుల వెడల్పు, నీళ్లు నిలిచే లోతు 5 అడుగులు. నల్లా రోజు విడిచి రోజు గంటసేపు వస్తది. సాలకపోతే బోరు నీళ్లు కూడా అదే సంపుల వదులుతున్నం. అక్కడి నుంచి మోటారుతోని పైన 2,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకుకు ఎక్కుతయి, ట్యాంకు నుంచి కిందికి రెండు కుళాయిలు.

వానలు మొదలైనప్పటి నుంచి నల్లా వదిలిన మొదటి ఐదు నిమిషాలు నీళ్లు నల్లగ, మోరీ వాసన. తర్వాత తేటగైతయి. అంగన్‌వాడీల రెండు వారాల్లో తొమ్మిది మంది పిల్లలకు విరేచనాలైనయి. టీడీఎస్ మీటరు పెడితే నల్లా 340, బోరు 1,150, సంపు 610 చూపించింది.

చందాలన్నీ కలిపి రెండున్నర లక్షలున్నయి. ఆర్వో ప్లాంటు పెడితే పీడ వదులుతదని సగం మంది. బ్లీచింగ్ పౌడర్ గుప్పెడు కొడితే సాలని మిగతా సగం. గుప్పెడంటే ఎంత? ఎన్ని రోజులకోసారి? పిల్లలు తాగే నీళ్లల్ల అది వేయొచ్చా? తెలిసినోళ్లు లెక్కతో సహా చెప్పుండ్రి.

పరీక్షనాళిక:

ముందు ఆ టీడీఎస్ మీటరును పక్కన పెట్టండి. నీళ్లలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి, కరిగిన లవణాలు ఎన్ని ఉంటాయో అది అంచనా కడుతుంది, అంతే. క్రిములు దానికి కనపడవు. బిందెడు నల్లా నీళ్లలో చెంచాడు మోరీ నీళ్లు కలిపి మీటరు ముంచండి, అంకె కదలదు. ఆ బిందె తాగితే మాత్రం ఇంటిల్లిపాదీ మంచం పడతారు.

అయినా మీరిచ్చిన మూడు అంకెలు ఒక సంగతి బయటపెట్టాయి. నల్లాకు, బోరుకు మధ్య తేడా 810. మీ సంపు నల్లా కంటే 270 ఎక్కువ. అంటే సంపులో మూడో వంతు బోరు నీళ్లే. "సాలకపోతే" వదులుతున్నారనుకుంటున్నారు గానీ బోరు వాడకం మీరనుకున్నదానికన్నా ఎక్కువే ఉంది.

తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500. 2012 నాటి ఆ ప్రమాణం ప్రకారం టీడీఎస్ 500 లోపు ఉంటే మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 2,000 వరకు ఒప్పుకుంటారు. కాబట్టి 610 వల్ల రుచి మారుతుందేమో గానీ తొమ్మిది మంది పిల్లలకు విరేచనాలు పట్టుకోవు. అదే ప్రమాణం మలంలో ఉండే ఇ.కోలై క్రిమి దగ్గర మాత్రం మినహాయింపు ఇవ్వదు: 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కటీ కనబడకూడదు. మీ గొడవ ఇక్కడుంది.

చేయాల్సిన పరీక్షలు రెండు, రెండూ చవకే. మొదటిది క్లోరిన్. ఓటీ అని అడిగితే ఆర్థో టాలిడిన్ చుక్కల సీసా, రంగుల పట్టీ ఇస్తారు. గొట్టంలో గీత వరకు నీళ్లు పట్టి, చుక్కలు వేసి, పసుపు రంగు తేలగానే, అంటే పది సెకన్ల లోపే, పట్టీతో పోల్చండి. ఐదు నిమిషాలు ఆగి చూస్తే రంగు ముదురుతుంది. అందులో పనికొచ్చే క్లోరిన్‌తో పాటు అమ్మోనియాతో కలిసి బలం తగ్గిపోయినదీ చేరుతుంది. అది చూసి "బాగానే ఉంది" అనుకుంటే మోసపోతారు. కుళాయి దగ్గర కనీసం 0.2 పీపీఎం (లీటరు నీళ్లకు అన్ని మిల్లీగ్రాములు) ఉండాలి. ఓటీ విషపదార్థం, పరీక్ష చేసిన నీళ్లు మోరీలోనే పోయండి, గొట్టం అంగన్‌వాడీ గ్లాసుల పక్కన పెట్టకండి. దొరికితే డీపీడీ మాత్రల కిట్టు ఇంకా మేలు, గులాబీ రంగు వస్తుంది. దానికీ ఒక తిరకాసుంది. క్లోరిన్ మరీ ఎక్కువైపోతే ఆ గులాబీ రంగునే తినేస్తుంది, నీళ్లు ఏ రంగూ లేకుండా కనబడతాయి. క్లోరిన్ లేదేమో అని మళ్లీ బ్లీచింగ్ వేసేవాళ్లున్నారు. అనుమానం వస్తే ఆ నీళ్లకు తొమ్మిది రెట్లు మంచినీళ్లు కలిపి మళ్లీ చూడండి.

రెండోది హెచ్2ఎస్ సీసా. గీత వరకు నీళ్లు పోసి, మూత పెట్టి, గది వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచాలి. నల్లబడితే మలం తాలూకు క్రిములున్నట్టు. చలికాలమైతే గుడ్డ చుట్టి పొయ్యికి కాస్త దగ్గర్లో పెట్టండి, లేకపోతే ఆలస్యంగా నల్లబడుతుంది. నల్లబడ్డ సీసాలో బ్లీచింగ్ నీళ్లు పోసి, ఒక గంట ఆగి పారబోయాలి. బోరు నీళ్లలో సహజంగానే గంధకపు వాసన ఉంటే ఆ సీసా ఉత్తినే నల్లబడొచ్చు, అప్పుడు ల్యాబు మాటే నమ్మాలి.

నాలుగు చోట్ల విడివిడిగా పట్టండి: నల్లా (వదిలిన మొదటి నిమిషంలో ఒకటి, పదిహేనో నిమిషంలో ఇంకొకటి), బోరు, సంపు, కింది కుళాయి. అన్నీ కలిపి ఒక సీసాలో పట్టి పంపితే ఎక్కడ చెడిందో బ్రహ్మకు కూడా తెలియదు. బోరు నీళ్లు మాత్రం ల్యాబుకు ఇచ్చి ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం చూపించండి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీళ్ల పరీక్ష చేస్తారు. క్రిముల పరీక్షకైతే వాళ్లిచ్చే శుద్ధిచేసిన సీసాలోనే పట్టి, ఐస్ డబ్బాలో పెట్టుకుని ఆరు గంటల్లోపు అందజేయాలి. కూల్‌డ్రింక్ సీసా కడిగి పడితే ఆ ఫలితం సీసాది, నీళ్లది కాదు.

సంపు_మేస్త్రి:

పైన చెప్పింది కరెక్టే. కానీ పరీక్షలయ్యేదాకా చేతులు కట్టుకొని కూసోవద్దు. మొదటి ఐదు నిమిషాలు నల్లగొచ్చి తర్వాత తేటగైతున్నయంటేనే సగం జవాబు దొరికింది. చెడుతున్నది మీ గల్లీ పైపులోనే. కృష్ణ, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్ల మీద నుంచి శుద్ధయి, క్లోరిన్ కలుపుకొని వస్తయి. ఆఖరి యాభై అడుగుల్ల చెడిపోతయి.

ఎట్లంటే, నల్లా ఆగిపోంగనే పైపు ఖాళీ అయితది. ఖాళీ అయ్యేటప్పుడు లోపల గాలి గుంజుడు మొదలైతది. ఇంటి కనెక్షన్ల జీఐ (జింకు పూత ఇనుము) పైపు మోరీ కిందికెల్లి గానీ, మ్యాన్‌హోల్ గోడలకెల్లి గానీ పోయి, తుప్పువట్టి సూదిమొనంత రంధ్రం పడ్డా సాలు, చుట్టూ నిలిచిన మురుగు లోపలికొస్తది. మళ్ల నల్లా వదిలినప్పుడు ముందు వచ్చేది ఆ మురుగే. వానాకాలంల మోరీ నిండి పైపు మునుగుతది గన్క అప్పుడే ఎక్కువ.

దీనికి తోడు నల్లాకు డైరెక్టుగ మోటారు పెట్టి గుంజేటోళ్లు గల్లీలో ఒక్కరుంటే సాలు. నల్లా నడుస్తున్నప్పుడు సైతం లైనుల గుంజుడు పుడతది, ఆ ఒక్క ఇంటి కోసం గల్లీ మొత్తం మోరీ తాగుతది. మోటారు ఎప్పుడైనా సంపు నుంచే గుంజాలె, లైను నుంచి కాదు. ఈ సంగతి కమిటీల మొహమాటం లేకుండా మాట్లాడుండ్రి.

జలమండలికి 155313కు ఫోన్ చేసి "కలుషిత నీళ్లు" అని చెప్పి, బిల్లు మీదున్న క్యాన్ నంబర్ (కనెక్షన్ ఖాతా నంబర్) ఇయ్యుండ్రి. నల్లా వదిలే టైము తప్పక చెప్పాలె, వాళ్లు ఆ టైముకు రాకుంటే ఏం కనపడదు. ఏ ఇంటికాడ వాసన మొదలైతుందో, ఏ ఇంటికాడ లేదో ముందే చూసి పెట్టుకుంటే తవ్వేచోటు ఆ రెండిండ్ల నడుమనే. మోరీ దాటే కాడ పాత జీఐ ముక్క తీసేసి కొత్త పైపు మోరీ కన్న పైకెల్లి, ఇంకో పెద్ద పైపును తొడుగులెక్క వేసి తీసుకపోవాలె.

అది అయ్యేదాక నల్లా వదలంగనే నీళ్లను సంపులకు రానీయొద్దు. సంపుకు ముందు ఒక టీ జాయింటు (మూడు దారుల పైపు ముక్క), రెండు వాల్వులు పెట్టి మొదటి పది నిమిషాల నీళ్లు బయటికి వదిలేయుండ్రి. గంటల పది నిమిషాలు పోతే నొప్పిగనే ఉంటది, కానీ ఆ నీళ్లు లోపలికి పోతే సంపు మొత్తం పోయినట్టే. ఇంకొకటి, నల్లా పైపు మూతి సంపుల నీళ్లల్ల మునిగి ఉంటే కోసేయుండ్రి. నిండిన నీళ్ల మట్టం కన్న జానెడు పైన ఉండాలె, లేకుంటే నల్లా ఆగినప్పుడు మీ సంపు నీళ్లే ఎనకకు లైనులకు పోతయి. సంపు మూత నేల మట్టానికి ఉంటే చుట్టూ ఆరేడు అంగుళాల గట్టు కట్టించుండ్రి. ఓవర్‌ఫ్లో పైపు మోరీలకు కలిపి ఉంటే అది కూడా తీసేయుండ్రి. మోరీ పొంగితే అది తోవైతది.

ఇగ సంపు కడుగుడు. ముందు సబ్‌మెర్సిబుల్ ఉంటే స్విచ్ ఆపుడు కాదు, ప్లగ్గే పీకాలె. మూతలన్నీ తీసి గాలి ఆడనియ్యాలె. దీపం దించి చూసేటోళ్లున్నరు. దీపం వెలిగితే ఆక్సిజన్ ఉందని అర్థం, విషగాలి లేదని కాదు. మనిషి దిగితే నడుముకు తాడు ఉండాలె, పైన ఇద్దరుండాలె. లోపలోడు సోలిపోతే పైనోడు దుంకొద్దు, తాడుతోనే గుంజాలె. నీళ్లు తోడనీకి పెట్రోలు పంపును సంపులకు దించొద్దు, దాని పొగ ప్రాణం తీస్తది. యాసిడ్ తోని కడగొద్దు. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే లేచేది క్లోరిన్ గ్యాసు.

అడుగున బురద మొత్తం తీసినంక పది లీటర్ల బకెట్ నీళ్లకు 8 గ్రాముల బ్లీచింగ్ కలిపి, తేరిన నీళ్లను నైలాన్ బ్రష్షుతోని గోడలకు, అడుగుకు పూసి అరగంట తడి ఆరకుండ చూడాలె. ఆ పని పైనుంచి పొడుగు కట్టె బ్రష్షుతోని చేస్తే మేలు, మూతవెట్టిన సంపుల బ్లీచింగ్ ఘాటు తట్టుకోలేరు. తర్వాత కడిగి తోడేయుండ్రి. ఇది సంపుకే కాదు, పైన ట్యాంకుకు కూడా.

రోజు మోతాదు. అడుగుల్ల పొడుగు, వెడల్పు, లోతు గుణించి 28.3 తోని గుణిస్తే లీటర్లు. మీది 240 ఘనపుటడుగులు, అంటే దగ్గర దగ్గర 6,800 లీటర్లు. కొత్త ఐఎస్ఐ బ్లీచింగ్ బస్తాల క్లోరిన్ 33 శాతం దాకుంటది, కానీ తెరిచి పెట్టినంక తగ్గుకుంట పోతది, అందుకని 25 శాతం అనుకొని లెక్క కట్టుండ్రి. 1 పీపీఎం కావాలంటే వెయ్యి లీటర్లకు 4 గ్రాములు. మీ సంపుకు 27 గ్రాములు. మురుగు అనుమానం ఉన్నన్ని రోజులు 2 పీపీఎం, అంటే 54 గ్రాములు. గుప్పెడు అనే కొలత మర్చిపోండ్రి. కిరాణా షాపుల ఒక్కసారి తూకం ఏయించి, ఒక ప్లాస్టిక్ డబ్బా మీద ఎంతవరకొచ్చిందో గీత గీసుకుంటే మళ్ల తూకం అక్కర్లేదు.

పొడిని అట్లనే సంపుల చల్లొద్దు. సున్నం అడుగుకు పోయి గడ్డకడ్తది, మోటారు ఫుట్‌వాల్వ్‌ల చేరుతది. డబ్బాల కొన్ని నీళ్లు పోసి దోసెపిండి లెక్క చేసి, బకెట్ నీళ్లల్ల కలిపి పదిహేను నిమిషాలు ఆగితే సున్నం కిందికి తేరుతది. పైన తేట మాత్రమే, సంపుల నీళ్లు పడుతున్నప్పుడు పొయ్యాలె, పడే నీళ్లే కలిపిస్తయి. నిండినంక పోస్తే ఒక మూలనే ఉంటది. పోసినంక అరగంట దాక మోటారు వేయొద్దు. నల్లా వచ్చిన రోజే గాదు, బోరు వదిలిన ప్రతిసారి వేయాలె.

బస్తా కాకుండ చిన్న ప్యాకెట్లు కొనుండ్రి, మూత గట్టిగున్న ప్లాస్టిక్ డబ్బాల, నీడకు ఉంచుండ్రి. ఇనుప డబ్బా తుప్పువడ్తది. ముక్కుకు ఘాటు తగలకుంటే ఆ పొడి సచ్చినట్టే.

రెండు_బిందెలు:

ఆర్వో సంగతి నేను చెబుతాను. మీ రెండున్నర లక్షలు దాంట్లో పోయకముందు కొన్ని లెక్కలు చూడండి.

ఇంటికి రోజుకు 20 లీటర్ల చొప్పున 38 ఇళ్లు, పైన అంగన్‌వాడీ, మొత్తం 800 లీటర్లనుకుందాం. బస్తీల్లో పెట్టే చిన్న ప్లాంట్లు బాగా నడిస్తే సగం నీళ్లు ఇస్తాయి, సగం పారేస్తాయి. ఇళ్లలో గోడకు తగిలించే మిషన్లయితే మూడొంతులు మోరీ పాలే. అంటే 800 తాగడానికి 800 వదిలేయాలి. రోజు విడిచి రోజు గంట నల్లా వచ్చే చోట ఈ లెక్క కుదరదు, మళ్లీ బోరు మీదే పడతారు. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వోలు నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది కూడా ఈ వృథా చూసే. మీ నల్లా 340.

అంతకన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. ఆర్వో పొరను క్లోరిన్ తినేస్తుంది, అందుకని ముందు కార్బన్ పెట్టి క్లోరిన్ తీసేస్తారు. బయటికొచ్చే నీళ్లకు కాపలా ఏమీ ఉండదు. ఇరవై లీటర్ల క్యాన్లో పట్టి, ఆ క్యాన్ మూతి బస్తీ అంతా చేతులు మారి, ఇంట్లో రెండు రోజులు నిలవుంటే అందులో క్రిములు పెరగడానికి అడ్డేముంది? కార్బన్ జాడీ కూడా నెలల తరబడి మార్చకపోతే క్రిములకు ఇల్లే. లోపల ఓ-రింగ్ (రబ్బరు చుట్ట) ఒకటి జారినా పక్కనుంచి మురికి దూరుతుంది, మీటరు 40 చూపిస్తూనే ఉంటుంది. ప్లాంటు పెట్టడం సులువు, ప్రతి రెండు మూడు నెలలకు ఫిల్టర్లు మార్చే మనిషి, జీతం, పొర మార్పిడి, కరెంటు, ఇవన్నీ ఎవరు చూస్తారో ముందు రాసుకోండి.

ఆర్వో అవసరమయ్యే చోట్లు ఉన్నాయి, కాదనను. లీటరుకు మిల్లీగ్రాముల్లో ఫ్లోరైడ్ 1.5 దాటితే, నైట్రేట్ 45 దాటితే, టీడీఎస్ 2,000 దాటితే, వేరే నీళ్లు లేకపోతే. కాగబెడితే పోతాయి అనుకునే వాళ్ల కోసం చెబుతున్నా: ఫ్లోరైడ్, నైట్రేట్ కాగితే పోవు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. నల్లగొండ బాధ మనకు కొత్త కాదు. అక్కడి పేరుతోనే నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి కనిపెట్టింది. పద్ధతి మంచిదే, కానీ రోజూ మోతాదు కట్టాలి, తేరిన బురద పారేయాలి. చివరికి ఎక్కువ ఊళ్లకు దిక్కయింది దూరం నుంచి తెచ్చిన నది నీళ్లే.

డబ్బుంది కాబట్టి నేనైతే ఈ వరసలో ఖర్చు పెడతాను: మోరీ దాటే పైపు మార్పిడి, సంపు గట్టు, ముందు వాల్వులు. బోరుకు వేరే చిన్న ట్యాంకు పెట్టి, ఆ నీళ్లు బట్టలకు, కడుగుడుకు. మిగిలింది ఓటీ కిట్లకు, పొడికి. ఆర్వోకు ఏమీ మిగలదు, మిగలక్కర్లేదు కూడా.

చిన్న_గిన్నె:

నీళ్ల సంగతి పైన ముగ్గురూ బాగా చెప్పారు. పిల్లల వైపు నుంచి కొంత చెబుతానండీ.

ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్కల్లో 2024లో ప్రపంచమంతా కలిపి 67.3 కోట్ల మంది ఆకలితో ఉన్నారు, భద్రమైన తాగునీటి వసతి లేనివాళ్లు 210 కోట్లు. ఈ రెండు లెక్కలూ విడివిడిగా అచ్చవుతాయి గానీ బస్తీలో అవి ఒకే పిల్ల ఒంట్లో కలుస్తాయి. నెలకోసారి విరేచనాలయ్యే బిడ్డకు ఆకలి మందగిస్తుంది. తిన్నది ఒంటబట్టకుండా పోతుంది. విరేచనాలు కనబడకపోయినా మురికి లోపలికి వెళ్తూనే ఉంటే పేగు లోపలి పొర పలచబడి, పోషకాలు పీల్చుకోలేదు. అంగన్‌వాడీలో గుడ్డు పెట్టినా బరువు పెరగని పిల్లల్లో ఇదొక కారణం.

కానీ తిరగేసి కూడా చూడాలి. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో వేల కుటుంబాలతో జరిపి 2018, 19ల్లో ప్రచురించిన పెద్ద పరీక్షల్లో ఇంటింటికీ క్లోరిన్, మరుగుదొడ్డి, చేతులు కడిగే ఏర్పాటు ఇచ్చినా పిల్లల ఎత్తు మిగతా పిల్లల కంటే పెరగలేదు, అదనపు తిండి ఇచ్చిన చోట కొద్దిగా పెరిగింది. కాబట్టి సంపు బాగుచేశాక "ఇక పోషణ కూడా చక్కబడుతుంది" అని తిండి వైపు చూడ్డం మానేయకండి. రెండూ కావాలి.

ఇప్పుడు ఆ తొమ్మిది మంది. నీళ్లే కారణమని తేల్చే ముందు ఒకటి చూడండి: ఆ సంపు నీళ్లు తాగే ఇళ్లలో అంగన్‌వాడీకి రాని పిల్లలకు, పెద్దవాళ్లకు కూడా విరేచనాలున్నాయా? లేకుండా అంగన్‌వాడీ పిల్లలకే ఉంటే పళ్లేలు తుడిచే గుడ్డ, గ్లాసు ముంచే బిందె, వడ్డించే చేతులు చూడాలి. నీళ్లు ఎంత శుద్ధమైనా బిందెలో చెయ్యి పెట్టి గ్లాసు ముంచితే అంతా వృథా. మూతి సన్నగా ఉండి కింద కుళాయి ఉన్న డ్రమ్ము కొనండి. లేదా పొడుగు కాడ గరిటె ఒకటి మూత మీద తగిలించి, దాంతోనే ముంచండి.

బాలామృతం (అంగన్‌వాడీలో ఇచ్చే పోషకాహార పిండి) కలిపేటప్పుడు మరిగించి చల్లార్చిన నీళ్లే వాడమని తల్లులకు చెప్పండి. వేయించిన పిండి కదా అని గోరువెచ్చటి సంపు నీళ్లలో కలుపుతారు, పిల్ల సగం తిన్నాక మిగతాది సాయంత్రానికి దాస్తారు. హైదరాబాద్ ఎండకు ఆ గిన్నెలో క్రిములు పెరగడానికి రెండు మూడు గంటలు చాలు. తినేంతే కలపాలి. మరగడమంటే అడుగున బుడగలు రావడం కాదు, నీళ్లంతా కళపెళలాడుతూ ఒక నిమిషం. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లు చుక్క కూడా అక్కర్లేదు, ఎండాకాలంలో కూడా.

విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో. 20.5 గ్రాముల ప్యాకెట్టు లీటరుకే లెక్క. సగం పొడి గ్లాసు నీళ్లలో కలిపి మిగతాది రేపటికి దాచడమే ఎక్కువగా జరిగే తప్పు. ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని. ప్యాకెట్టు లేకపోతే లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి కొలవాలి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. జింకు మాత్ర ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు ఆగాక కూడా కోర్సు పూర్తి చేయాలి, మధ్యలో ఆపేస్తుంటారు. మలంలో రక్తం, కళ్లు లోపలికి పోవడం, తాగలేకపోవడం, మత్తుగా ఉండటం, వీటిలో ఏది కనబడ్డా ఇంట్లో ఆగొద్దు, ఆస్పత్రే.

అంగన్‌వాడీ టీచరు దగ్గర చేతి చుట్టుకొలత టేపు ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ఎడమ జబ్బ మధ్యలో కొలవాలి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే తీవ్ర పోషణ లోపం, 12.5 వరకు మధ్యస్థం. ఆ తొమ్మిది మందినీ ఈ వారం కొలిపించండి. టేపు బిగించి పడితే తక్కువ చూపిస్తుంది, చర్మాన్ని ఆనుకుంటే చాలు.

గల్లీ_నంబర్_6:

అందరికీ చాలా థ్యాంక్స్. సంపు కడిగినం, వాల్వులు పెట్టినం, 54 గ్రాములు వేసినం. ఫలితాలు ఇవి. నల్లా మొదటి నిమిషం ఓటీ సున్నా, హెచ్2ఎస్ సీసా నల్లవడ్డది. పదిహేనో నిమిషం 0.5, సీసా నల్లవడలే. బోరు సీసా నల్లవడ్డది, ల్యాబు రిపోర్టుల ఫ్లోరైడ్ 0.9, నైట్రేట్ 68. సంపుల మందు వేసినంక అరగంటకు 0.4. కింది కుళాయి దగ్గర మాత్రం సున్నా. మందు ఇంకా పెంచాల్నా? పిల్లలల్ల ఇద్దరికి టేపు 12.1, 12.3 వచ్చింది, టీచరు రాసుకున్నది. ఆ సంపు తాగే పెద్దోళ్లల్ల కూడా ఐదారుగురికి కడుపు నొప్పి ఉన్నదట.

పరీక్షనాళిక:

పెద్దవాళ్లకూ ఉందంటే నీళ్ల మీదే అనుమానం బలపడింది. నల్లా రెండు సీసాల తేడా చూశారుగా, పైపు మరమ్మతు కోసం అడిగేటప్పుడు ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి చూపించండి.

బోరు నైట్రేట్ 68 అంటే 45 పరిమితి దాటింది, సీసా కూడా నల్లబడింది. రెండూ కలిపి చూస్తే భూమిలోకి మురుగు ఇంకుతోందన్నమాట. మూడో వంతు కలిసినప్పుడు సంపులో బోరు వాటా 23 దాకా వస్తుంది, నల్లా నీళ్లలో ఉండే కొద్దిపాటిది కలిపినా సాధారణంగా 45 దాటదు. కానీ నల్లా రాని రోజు బోరు ఒక్కటే వదిలితే మొత్తం 68. క్లోరిన్ నైట్రేట్‌ను ఏమీ చేయలేదు. పైన రెండు_బిందెలు గారు చెప్పినట్టు బోరును తాగే సంపు నుంచి విడదీయండి. డబ్బా పాలు తాగే పసిబిడ్డలున్న ఇళ్లకు ముందే చెప్పండి, నైట్రేట్ వాళ్ల రక్తంలో ఆక్సిజన్‌ను పట్టనీయదు.

మందు ఎంతో ఊహించక్కర్లేదు, బకెట్లతో తేల్చొచ్చు. లీటరు నీళ్లలో 40 గ్రాముల పొడి కలిపి తేర్చండి, అది ఒక శాతం ద్రావణం. మందు వేయని సంపు నీళ్లు పది లీటర్ల చొప్పున నాలుగు బకెట్లు పట్టి, సూది తీసేసిన సిరంజితో 1, 2, 3, 4 మిల్లీలీటర్లు వేసి కలిపి అరగంట ఆగండి. ఓటీలో 0.5 చూపించిన బకెట్టే మీ మోతాదు. అందులో ఎన్ని మిల్లీలీటర్లు పడ్డాయో అన్ని పీపీఎం, మీ సంపుకు ఒక్కో మిల్లీలీటరుకు 27 గ్రాములు. బోరు ఆపేశాక మళ్లీ చేయండి, మోతాదు తగ్గుతుంది. అప్పుడు కూడా పాత 54 గ్రాములే వేస్తూ పోతే వాసనకు జనం తాగడం మానేస్తారు, మళ్లీ క్యాన్లు కొంటారు.

సంపు_మేస్త్రి:

సంపుల 0.4 ఉండి కుళాయికి సున్నా వస్తున్నదంటే మందు తక్కువై కాదు. నడుమ పైన ట్యాంకు తింటున్నది. సంపు కడిగినం అన్నరు, ట్యాంకు కడిగినం అనలేదు. ప్లాస్టిక్ ట్యాంకుల అవుట్‌లెట్ అడుగు నుంచి రెండు మూడంగుళాల పైన ఉంటది, దాని కింద ఏండ్ల బురద అట్లనే కూసుంటది, వచ్చిన క్లోరిన్ అంతా దానికే ఖర్చు. పక్కకు వంచి తోడుడు కష్టం గన్క అడుగు మట్టానికి ఒక డ్రెయిన్ ప్లగ్గు పెట్టించుండ్రి, నెలకోసారి ఇప్పి వదిలితే సరిపోతది. మూత పలిగి ఎండ లోపల పడుతున్నదా చూడుండ్రి. వెలుతురు తగిలితే పాచి పడ్తది, క్లోరిన్ కూడా ఎగిరిపోతది. కడిగినంక ముందు ట్యాంకుల నీళ్లు, తర్వాత కుళాయి నీళ్లు ఓటీ చూడుండ్రి. ట్యాంకుల ఉండి కుళాయికి లేకుంటే దిగే పైపుల తుప్పు ఉన్నట్టు, ఆ జీఐ తీసేసి సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేయించాలె.